రిటైరయ్యాక ఫోన్‌లో ఆటలేంటి సామీ? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, ఉండేది తిరుపతిలో. మాది ఇరవైమంది దాకా ఉన్న గుంపు. వారానికి రెండు సాయంత్రాలు ప్రకాశం పార్కులో కలుస్తాం, మిగతా రోజులు ఫోన్లలో ఆడుకుంటాం. చూసినవాళ్ళంతా అవే ప్రశ్నలు అడుగుతున్నారు, కొందరు నవ్వుతూ, కొందరు తమ నాన్న గురించో అత్తగారి గురించో నిజంగానే దిగులుపడుతూ. చెప్పీ చెప్పీ గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నా.

ఈ వయసులో ఆటలెందుకు? గుడికి పోయి రాకూడదా?

పోవచ్చు, మేమూ పోతాం. తిరుపతిలో ఉంటూ గుడికి పోవద్దని చెప్పేంత ధైర్యం నాకు లేదు. కాకపోతే క్యూలో గంటసేపు పక్కన నిలబడ్డ మనిషి పేరైనా అడిగామా ఎప్పుడైనా?

నా సంగతే చెప్తా. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు బోలెడుమంది స్నేహితులున్నారనుకున్నా. రిటైరైన మొదటి నెల రోజుకు పది ఫోన్లొచ్చేవి, పెన్షన్ పేపర్లు ఎంతవరకొచ్చాయి, గ్రాట్యుటీ పడిందా, కమ్యుటేషన్ ఎంత పెట్టావు అని. మూడో నెలకల్లా ఫోన్ మోగిందంటే లోన్ కావాలా అని అడిగేవాళ్ళే. కోపమొచ్చింది, వీళ్ళంతా నా కుర్చీకే స్నేహితులా అని. నిదానంగా ఆలోచిస్తే నేనూ ఎవరికీ ఫోన్ చేయలేదు మరి! చేసి ఏం మాట్లాడాలి? స్టాఫ్ రూములో అయితే మాట దానంతటదే పుట్టేది, టైమ్‌టేబుల్, ఇన్‌స్పెక్షన్, డీఏ బకాయిలు, ఎవరింట్లో పెళ్ళి. స్నేహం ఎక్కడికీ పోలేదు, పలకరించడానికి సాకు పోయింది. ఆట ఆ సాకును తిరిగి తెచ్చిస్తుంది. "ఏమప్పా, నీ వంతొచ్చి రెండ్రోజులైంది, ఇంకా ఎత్తు వేయలేదే?" అని అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. "ఒంటరిగా ఉంది, కాసేపు మాట్లాడు" అని ఫోన్ చేయమనండి చూద్దాం, మా తరం మగవాళ్ళలో ఒక్కడూ చేయడు.

ఇది ఊరికే ముసలి గొణుగుడు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదికలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానితో ముడిపడి ఏటా 8,71,000కు పైగా మరణాలు ఉంటాయని అంచనా వేసింది. అందులో కుర్రాళ్ళ గురించీ ఉంది, మన ఒక్కరి గురించే కాదు.

అంటే వీడియో గేములు ఆడాలా?

ఆడినా తప్పేం లేదు. 2006లో నింటెండో అనే జపాన్ కంపెనీవాళ్ళు వీ అని ఆటల యంత్రం ఒకటి తెచ్చారు, చేతిలో రిమోట్ పట్టుకుని ఊపితే టీవీలో బౌలింగ్ బంతి దొర్లుతుంది. ఇంటిల్లిపాదీ ఆడుకోవడానికని తెస్తే అమెరికాలో వృద్ధాశ్రమాలవాళ్ళు ఎగబడి కొని పోటీలు పెట్టుకున్నారు. బరువైన బంతి ఎత్తక్కర్లేదు, కుర్చీలో కూర్చునైనా ఆడొచ్చు, పక్కనున్నవాళ్ళు ఈలలేయొచ్చు. ఆ ఈలల కోసమే ఆడారని నా నమ్మకం. 2016లో వచ్చిన పోకెమాన్ గో అయితే ఫోన్ పట్టుకుని వీధుల్లో తిరిగితేనే ఆడగలిగే ఆట.

మనకు అంత సరంజామా అక్కర్లేదు, జేబులో ఉన్న ఫోను, దాంట్లో ఉన్న వాట్సాప్ చాలు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ లూడో కింగ్ ఆడారు కదా, అది మన దేశంలో తయారైందే. సొంతంగా ఒక గది తెరిచి దాని కోడ్ పంపితే ఎక్కడెక్కడి వాళ్ళో అందులోకొచ్చి ఆడతారు.

ఏ ఆటకైనా నేను పెట్టే పరీక్ష ఒకటే. ఇది ఆడితే రేపు నాకెవరైనా ఫోన్ చేస్తారా? రంగు మిఠాయిలు వరసగా పేర్చి పగలగొట్టే ఆటలున్నాయే, అవి ఈ పరీక్షలో తప్పుతాయి. ఆడుకోండి, బస్సులో టైం గడుస్తుంది, దాంతో మనుషులు మాత్రం దొరకరు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

శాలువా కప్పకముందే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022 జనవరిలో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంచారు, దాంతో రెండేళ్ళు సన్మాన సభలే దాదాపు లేకుండా పోయి, 2024 నుంచి మళ్ళీ నెలనెలా మొదలయ్యాయి. ఆ సభకు వచ్చినవాళ్ళలో ఇద్దరితోనైనా అక్కడే ఒక ఆట మొదలెట్టి ఇంటికి పోండి. మొదటి మూడు నెలలు దాటితే మనిషి సోఫాకు అలవాటు పడిపోతాడు, లేపడం కష్టం.

ఏ ఆటతో మొదలుపెట్టాలి?

ముందు నేను చేసిన తప్పు చెప్తా. తెలిసినవాళ్ళందరినీ కలిపి అరవైమందితో గ్రూపు పెట్టి, రోజూ పొద్దున ఐదింటికి ఒక లెక్కల పజిల్ వేశా. మొదటి వారం చప్పట్లే చప్పట్లు. రెండో వారం నలుగురు జవాబులిచ్చారు. మూడో వారం ఒక్కాయన ఇచ్చాడు, ఆయనా లెక్కల మాస్టారే. మిగతావాళ్ళకు అది పరీక్ష రాసినట్టే ఉందట! మా ఆవిడైతే మొహం మీదే అనేసింది, "రిటైరైనా నీ బెత్తం దించవా" అని.

అరవైని పన్నెండు చేసి, తప్పు చెప్పినా నవ్వొచ్చే ఆట వెతికాం. దొరికింది కూనిరాగం. ఒకరు పాత పాట బాణీని మాటల్లేకుండా "ఊ ఊ" అని పది సెకన్లు పాడి వాయిస్ మెసేజ్ పెడతారు, మిగతావాళ్ళు పాటేదో చెప్పాలి. కనుక్కున్నవాళ్ళది తర్వాతి వంతు. మేం కూనిరాగం తీస్తే ఘంటసాల పాట కూడా సైకిల్ పంపు కొట్టినట్టు వినిపిస్తుంది, అందుకే ఆట రక్తి కట్టింది. టైపు చేయక్కర్లేదు, కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేదు, యాప్ దింపుకోనక్కర్లేదు. కొత్తవాళ్ళను ఇప్పటికీ దీంతోనే దింపుతాం.

తర్వాత పులిజూదం పట్టింది. మూడు పులులు, పదిహేను మేకలు, పులులు మేకల్ని దూకి తినాలి, మేకలు పులుల్ని కదలకుండా కట్టేయాలి. చిన్నప్పుడు ఆడనివాళ్ళు మా గుంపులో లేరు, పాత మండపాల బండల మీద ఆ గీతలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు అట్ట మీద పటం గీసుకుంటారు, చింతగింజలు మేకలు, చొక్కా గుండీలు పులులు. ఎత్తు వేసి ఫోటో పంపితే అవతలివాళ్ళు తమ పటంలోనూ అలాగే జరిపి, తమ ఎత్తు వేసి తిరుగు ఫోటో పంపుతారు. ఒక ఆట వారం పడుతుంది. ఫోన్‌లో పులిజూదం యాప్‌లు లేవా అంటే ఉన్నాయి, కానీ ఈ పద్ధతిలో అట్ట పక్కన కాఫీ గ్లాసు, వెనక గోడ మీద కొత్త క్యాలెండరు, చేతికి కట్టిన కట్టు కనబడతాయి. "కట్టేంటి?" అని అడుగుతాం. ఆట పక్కకుపోయి మాట మొదలవుతుంది.

తెలుగు పండితులు ఇద్దరుంటే సమస్యాపూరణం పెట్టేయండి. పొద్దున ఒకరు వంకర పాదం ఇస్తారు, రాత్రికల్లా పూరణలు రావాలి. ఛందం అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పద్యం అందులో వేస్తే గణాలు లెక్కకట్టి యతిప్రాసలు ఎక్కడ తప్పాయో చూపిస్తుంది. నాలాంటి లెక్కలవాడు కూడా దాని చేయి పట్టుకుని ఒక ఆటవెలది రాశాడంటే చూసుకోండి. పద్యం బాగుందని ఎవరూ అనలేదు, అది వేరే విషయం.

మా నాన్నకు ఫోన్ అంటేనే పడదు. ఎలా నేర్పాలి?

నేర్పకండి. ముప్పై ఏళ్ళు అటెండరు చేతికి ఫైలందించిన మనిషిని కూర్చోబెట్టి "ఇక్కడ నొక్కు నాన్నా, అక్కడ కాదు, అయ్యో అక్కడ కాదన్నా కదా" అంటే ఫోన్ అవతల పెట్టి పేపర్ తీస్తాడు. ఆయనే మీకు నేర్పేది ఏదైనా ఆడండి. పులిజూదం, అష్టాచెమ్మా, దాడి, వీటిలో ఆయన గురువు, మీరు శిష్యులు. ఊరెళ్ళాక "నాన్నా, ఇక్కడ మేక ఇరుక్కుంది, ఏం చేయాలి?" అని ఫోటో పంపండి. జవాబివ్వడం కోసం ఆయనే నేర్చుకుంటాడు.

టైపింగే అడ్డమైతే జీబోర్డులో తెలుగు పెట్టి మైకు గుర్తు చూపించండి, మాట్లాడితే అదే రాస్తుంది. మన చిత్తూరు యాసకు అది అప్పుడప్పుడూ తికమకపడి వింత వింత మాటలు రాస్తుంది, మా గ్రూపులో సగం నవ్వులు వాటి పుణ్యమే. ఇంకో దారి కూడా ఉంది. పెన్షనర్లకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ తప్పదు, జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ఫోన్ కెమెరాకు ముఖం చూపించి ఇచ్చేయొచ్చు. ఆ పని కోసం ఫోన్ చేతిలోకి తీసుకున్న రోజే ఒక కూనిరాగం వినిపించండి.

పెద్ద ఆఫీసరుగా చేసినాయన అందరితో కలిసి ఆడతారా?

ఇది నన్ను చాటుగా అడిగే ప్రశ్న. నిజం చెప్పాలంటే మొదట్లో ఆడరు. మా గుంపులోకి తహసీల్దారుగా చేసినాయన ఒకరొచ్చారు. మొదటి రెండు వారాలు బెంచీ మీద మధ్యలో కూర్చుని మేం ఆడుతుంటే తనిఖీకి వచ్చినట్టు చూశారు. మూడో వారం అదే శాఖలో అటెండరుగా రిటైరైన మనిషి ఆయనకు పులులిచ్చి తాను మేకలు తీసుకున్నాడు. ఇరవై నిమిషాల్లో మూడు పులులూ కదల్లేక ఇరుక్కున్నాయి. పార్కులో ఆ నిశ్శబ్దం నేను మరిచిపోలేను. ఆయన తల గోక్కుని, "ఇంకో ఆట" అన్నారు. ఇప్పటికీ ఆ అటెండరు ఆయన్ని "సార్" అనే అంటాడు, పులులను కట్టేసేటప్పుడు కూడా "సార్, అయిపోయింది సార్" అనే అంటాడు. పదవులు కొట్టేసుకోండి అని మేం ఎవరికీ చెప్పలేదు, చెప్పినా వినేవాళ్ళు కాదు. పటం మీద మేక మేకే, పులి పులే.

పిల్లలు అమెరికాలో ఉన్నారు, వాళ్ళతో ఆడే వీలుందా?

ఉంది, కాకపోతే టైం చూసుకుని ఆడే ఆటలు పెట్టుకోకండి. డాలస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. మీ సాయంత్రం కాఫీ వేళకు వాళ్ళింకా నిద్ర లేవరు. వీడియో కాల్‌లో "తిన్నావా, చలి ఎలా ఉంది" తర్వాత మౌనమే, మనవరాలు కెమెరా ముందు నుంచి పారిపోతుంది.

నిదానంగా నడిచే చదరంగం పెట్టుకోండి. లిచెస్ అని ఉంది, పూర్తిగా ఉచితం, ప్రకటనలుండవు. అందులో ఒక్కో ఎత్తుకు ఇన్ని రోజులని గడువు పెట్టుకుని ఆడొచ్చు. మూడు రోజులు పెట్టుకోండి. మీరు పడుకునే ముందు ఎత్తు వేస్తే ఆ పిల్ల స్కూలు నుంచి వచ్చాక వేస్తుంది. మా వీధిలో ఒక తాత మనవరాలితో ఇలాగే ఆడుతున్నాడు, ఇప్పటికి నలభై ఆటల్లో ముప్పై ఓడిపోయాడట, ఆ లెక్క చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి!

ఇంట్లోంచి బయటికి లాగే ఆటలేమైనా ఉన్నాయా?

నాకు అన్నిటికంటే ఇష్టమైంది పిట్టలాట. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్ళ పక్షుల ప్రయోగశాల మెర్లిన్ అనే ఉచిత యాప్ చేసింది. ఫోన్ పట్టుకుని నిలబడితే చుట్టూ వినబడే కూతలను బట్టి పిట్టల పేర్లు చూపిస్తుంది, మన ప్రాంతపు పిట్టల ప్యాక్ ముందే దింపుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. మనకు పైనే శేషాచలం, 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, పిట్టలకేం కరువు? కపిలతీర్థం వైపో యూనివర్సిటీ గ్రౌండ్‌కో పొద్దున్నే వాకింగ్‌కు పోయేవాళ్ళు ఇద్దరిద్దరు జట్లు కడతారు, గంటలో ఏ జట్టుకు ఎక్కువ పేర్లొస్తే వాళ్ళు గెలిచినట్టు. యాప్ ఇంగ్లీషు పేరు చెప్తుంది, దానికి తెలుగు పేరేంటన్న తగవు ఇడ్లీ తినేదాకా నడుస్తుంది. వ్యవసాయ శాఖలో చేసినాయన ఒకటంటాడు, పల్లెలో పుట్టినావిడ ఇంకోటంటుంది. కొండల్లోపలికి మాత్రం పోకండి, చిరుతలున్న అడవి అది.

ఇంకోటి ఫోటో పజిల్. ఊళ్ళో ఏదో ఒక మూల, గోపురం మీద ఒక బొమ్మ, చంద్రగిరి కోట గోడలో ఒక రాయి, పాత సినిమా హాలు మెట్టు, దగ్గర్నుంచి తీసి పెడతాం. ఎక్కడిదో కనుక్కుని అక్కడికి పోయి సెల్ఫీ దిగినవాళ్ళు గెలుస్తారు. గంగజాతర వారంలో అయితే వేషం కట్టిన మనవళ్ళ ఫోటోలు పేర్లు లేకుండా పెట్టి, ఎవరి మనవడో చెప్పమంటాం. పోయినసారి ఒకాయన తన సొంత మనవణ్ణే గుర్తుపట్టలేదు.

ఆడవాళ్ళు వస్తారా?

మొదట్లో రాలేదు, తప్పు మాదే. ఆరింటికి పెట్టాం, ఆ వేళకు దీపం పెట్టాలి, రాత్రికి వంట చూడాలి. టీచరుగా, నర్సుగా రిటైరైనవాళ్ళకైనా వంటింటి నుంచి రిటైర్మెంట్ లేదు కదా. నాలుగింటికి మార్చాక ఆరుగురొచ్చారు, ఇప్పుడు మగవాళ్ళకంటే వాళ్ళే ఎక్కువ. వాళ్ళు తెచ్చిన ఆట తంబోలా. అంకెలు పిలవడానికి ఫోన్‌లో యాప్, టికెట్లు మనవళ్ళు గీసిస్తారు, ఫుల్ హౌస్‌కు బహుమతి ఒక కొబ్బరికాయ. వానొస్తే వాట్సాప్ వీడియో కాల్‌లో ఆడతారు, ఒక కాల్‌లో 32 మంది దాకా చేరొచ్చు.

భర్త రిటైరై ఇంట్లో కూర్చుంటే భార్యకు పని పెరుగుతుందన్న సంగతి కూడా వాళ్ళ దగ్గరే విన్నా. ఆయన్ని పార్కుకు తోలడానికే కొందరు మా గ్రూపులో చేరారు.

కాస్త డబ్బు పెడితే మజా ఉంటుంది కదా?

ఉండదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ లాంటివి 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. గ్రాట్యుటీ చేతికొచ్చిన మనిషి చుట్టూ ఈగలు ముసురుతాయి, "బోనస్ గెలిచారు" అని లింకొస్తే తెరవకండి. ఓటీపీ అడిగినా, పోలీసులమంటూ వీడియో కాల్‌లో అరెస్టు చేస్తామని బెదిరించినా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మా గుంపులో ఒకరు నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఆ నాలుగు రోజులే ఆయన కొంప ముంచాయి.

గ్రూపంటే గుడ్ మార్నింగులు, రాజకీయాలు, చివరికి కొట్లాటే కదా?

మాకూ అయింది, ఎన్నికల ముందు ఇద్దరు మాటలు మానేశారు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఆట గ్రూపులో ఫార్వర్డ్ మెసేజ్ పెట్టినవాళ్ళు మర్నాడు పార్కులో అందరికీ టీ ఇప్పించాలి. ఇరవై టీలంటే మాటలా! పూలగుత్తుల బొమ్మలు వారంలో ఆగిపోయాయి. మాటలు మానేసిన ఆ ఇద్దర్నీ పిట్టలాటలో ఒకే జట్టులో వేశాం, ఇప్పటికీ సగమే మాట్లాడుకుంటారు, పర్లేదు.

చెవులు సరిగా వినబడవు, వేళ్ళు వణుకుతాయి. కుదురుతుందా?

కుదురుతుంది, తొందరపెట్టే ఆటలు వదిలేయండి. గడియారం తిరిగే ఆటల్లో వయసు ఓడిపోతుంది, వంతుల ఆటల్లో ఓడదు. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేయండి. వినబడనివారికి కూనిరాగం బదులు ఫోటో పజిల్, చూపు తగ్గినవారికి ఫోటో బదులు కూనిరాగం.

ఖర్చెంత?

నెట్ రీచార్జి మీరెలాగూ చేయిస్తున్నారు. అట్ట, చింతగింజలు ఇంట్లోవే. కొబ్బరికాయ తంబోలా వాళ్ళది.

ఇప్పుడు ఏఐతో తెలుగులోనే మాట్లాడొచ్చట, ఇంత తంటా ఎందుకు?

మాట్లాడండి, నేనూ మాట్లాడతా, ఓపిగ్గా జవాబిస్తుంది. జపాన్‌వాళ్ళు పారో అని సీల్ పిల్ల రూపంలో రోబో చేశారు, నిమిరితే కదులుతుంది, కూస్తుంది, మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళకు దాంతో ఊరట దొరుకుతోందని అనేక దేశాల్లో వాడుతున్నారు. వాటి విలువ వాటికుంది. కానీ అది ఓడిపోతే అలగదు, మనం రాకపోతే ఇంటికొచ్చి తలుపు తట్టదు.

ఉన్నట్టుండి ఒకరు ఆడటం మానేస్తే?

ఈ ఆటల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదే, మనిషి జాడ తెలియకపోతే రెండ్రోజుల్లో బయటపడుతుంది. మా లెక్క ప్రకారం రెండు రోజులు ఎత్తు పడకపోతే ఫోన్ చేస్తాం, ఫోన్ ఎత్తకపోతే దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇంటికి పోతారు. ఇంట్లో ఎవరూ లేక, ఏం చేయాలో తోచక ఇబ్బందుల్లో ఉన్న పెద్దవాళ్ళు కనబడితే 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఉచితం.

మొన్న కొర్లగుంటలో ఉండే పెద్దాయన రెండు రోజులు మేక కదపలేదు. భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. నేనూ ఇంకో ఇద్దరం పోయాం. జ్వరమేం లేదు, "ఊరికే, మనసు బాగాలేదు సామీ" అన్నాడు. మేం ఓదార్పు మాటలేం మాట్లాడలేదు, రావు కూడా. అటక మీదున్న అట్ట దింపి, చింతగింజలు ఆగిన చోటే మళ్ళీ పేర్చాం, ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి కదా. ఆయన కాసేపు చూసి, "ఈ మేక ఇక్కడ కాదు, పక్కగడిలో ఉండాల" అని జరిపాడు.